గోడ బూజు ఎవరి పాపం?

అద్దె కొంపల్లో బతికినోళ్లకి ఈ మాట కొత్త కాదు. "మీరొచ్చాకే వచ్చిందండీ ఇది." ఇంటాయన బాత్రూమ్ గుమ్మంలో నిలబడతాడు. లోపల అడుగు పెట్టడు. ముక్కు చిట్లించి, పైమూల నల్లగా పట్టిన బూజు వంక చూసి, ఆ తర్వాత మన వంక చూసి ఈ మాట అంటాడు. గోడను పరీక్షించడు, పైపు చూడడు. చూడాల్సిందల్లా మన మొహాల్లోనే ఉందన్నట్టు చూస్తాడు.

ఈ సంచికలో ఈ చిన్న విషయం ఎత్తుకున్నామేమిటని కొందరు మిత్రులు అడగొచ్చు. భూమి, కూలి, రిజర్వేషన్లు ఉండగా బాత్రూమ్ బూజు మీద సంపాదకీయమా అని. ఊరొదిలి పట్నానికొచ్చి చదువుకుని, చిన్నదో చితకదో ఉద్యోగం సంపాదించి, రెండు గదుల అద్దె ఇంట్లో పిల్లల్ని పెంచుకుంటున్న మనోళ్లు ఇయ్యాళ వేలల్లో ఉన్నారు. జీతంలో పెద్ద ముక్క ఇంటద్దెకే పోతోంది. అంత పోసి కొనుక్కుంటున్నది ఏమిటి? చెమ్మ గోడ, పిల్లలకి పిల్లికూతలు. ఇది చిన్న విషయం కాదు. దీనివల్ల ఒక పసిబిడ్డ చచ్చిపోయాడు. ముందు ఆ సంగతి చెప్పుకుందాం.

ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర రోచ్‌డేల్ అనే పట్నం ఉంది. సూడాన్ నుంచి వచ్చిన ఒక కుటుంబం అక్కడ ఒక హౌసింగ్ సంస్థ ఇచ్చిన ఒంటి పడకగది ఫ్లాటులో అద్దెకుండేది. బాత్రూమ్‌లో, వంటగదిలో బూజు. తండ్రి 2017 నుంచే సంస్థకు మొర పెట్టుకున్నాడు. పైన రంగేసుకోమన్నారు. వేసుకున్నాడు. మళ్లీ వచ్చింది. 2018లో ఆ ఇంట్లోకి బిడ్డ వచ్చాడు, పేరు అవాబ్ ఇషాక్. 2020 జూలైలో పిల్లాడి ఆరోగ్యం గురించి హెల్త్ విజిటర్ కూడా సంస్థకు రాసింది. ఆ నెలలోనే తనిఖీకి వచ్చినోళ్లు బూజు ఉందని చూసిపోయారు. మరమ్మతు మాత్రం జరగలేదు. 2020 డిసెంబరు 21న, రెండో పుట్టినరోజు అయిన ఎనిమిది రోజులకి, ఆ పిల్లాడు ఊపిరాడక చనిపోయాడు.

విచారణ జరిపిన కరోనర్ జోవాన్ కియర్స్‌లీ 2022 నవంబరులో తీర్పు చెప్పింది. ఇంట్లోని బూజును చాలాకాలం పీల్చడం వల్లే శ్వాసకోశం దెబ్బతిని బిడ్డ చనిపోయాడని తేల్చింది. మరి అన్నేళ్లూ ఆ సంస్థ ఏమనుకుందో తెలుసా? ఇంట్లోవాళ్ల అలవాట్ల వల్లే బూజు వస్తోందని అనుకుంది. వండుకునే తీరు వల్ల అనుకుంది. స్నానం చేసే తీరు వల్ల అనుకుంది. మతాచారంగా ఏదో కడుగుడు ఉంటుందని, బకెట్‌తో స్నానం చేస్తారని రాసుకుంది. మీరెలా స్నానం చేస్తారని ఆ తల్లిదండ్రుల్ని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. బిడ్డ పోయాక, విచారణ అయ్యాక, ఇంటివాళ్ల జీవనశైలి గురించి లేనిపోనివి ఊహించుకున్నాం, అది మా తప్పేనని ఆ సంస్థే ఒప్పుకుంది.

బకెట్ స్నానం! మన దేశంలో బకెట్, మగ్గు పెట్టుకుని స్నానం చెయ్యని ఇల్లెక్కడుంది? ఇంటాయన చేసేదీ అదే, మనం చేసేదీ అదే. ఆయన బాత్రూమ్‌లో పట్టని బూజు మన బాత్రూమ్‌లోనే ఎందుకు పడుతోంది? నీళ్లకు కులం తెలియదు. తేడా గోడలో ఉంది, పైపులో ఉంది, కిటికీలో ఉంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కింద బదిలీ మీద ఒక పట్నానికి పోయాం. పదిహేను రోజులు టులెట్ బోర్డుల చుట్టూ తిరిగాం. "మాస్టారంటే గౌరవమేనండీ, ఇంతకీ మీరెవరండీ?" అనేవాళ్లు. ఆ 'ఎవరు' అంటే పేరు కాదని మీకు తెలుసు. చెప్పిన చోటల్లా, ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్న జవాబే. బోర్డు మాత్రం మర్నాడు కూడా అక్కడే వేళ్లాడుతుండేది. ఎట్టకేలకి ఒకాయన ఒప్పుకున్నాడు. మిగతావాళ్ల కంటే మూడొందలు ఎక్కువడిగాడు. రెండో అంతస్తులో పోర్షన్. గోడలకి కొత్త సున్నం కళకళలాడుతోంది. ఆ సున్నం ఎందుకేశారో వానాకాలం వచ్చాక తెలిసింది. బాత్రూమ్ గోడ ఉబ్బింది, పెచ్చులు రాలాయి, కింద నుంచి నల్లటి బూజు తేలింది. చిన్నదానికి రాత్రిళ్లు పిల్లికూతలు.

పోయి చెప్పాను. "మీరొచ్చాకే వచ్చింది మాస్టారూ. మీవాళ్లు నీళ్లెక్కువ వాడతారు, తడి తుడవరు" అన్నాడు. మీవాళ్లు! నేనింక మాట్లాడలేదు. మాట్లాడితే ఖాళీ చెయ్యమంటాడు. ఖాళీ చేస్తే మళ్లీ ఆ టులెట్ బోర్డుల చుట్టూ తిరగాలి. మా ఇంటావిడ వారానికోసారి బ్లీచింగ్ పెట్టి రుద్దేది. ఏడాది తిరక్కుండా వచ్చేశాం. గోడ పాడుచేశామని అడ్వాన్సులో సగం పట్టుకున్నాడు.

మా తర్వాత దిగినాయన ఇంటాయన కులస్తుడే, బ్యాంకులో ఉద్యోగి. నెల తిరక్కుండా బూజు గురించి అడిగాడట. మర్నాడే ప్లంబరొచ్చాడు. టైల్స్ పగలగొట్టి చూస్తే పైఅంతస్తు బాత్రూమ్ అవుట్‌లెట్ పైపు జాయింటు దగ్గర కారుతోంది. ఆ గోడే, ఆ బూజే. ఆయనకి ప్లంబరొచ్చాడు, మాకు నీతిబోధ వచ్చింది.

బూజంటే ఏమిటో సైన్సు ఏం చెప్తుందో పిల్లలకి చెప్పినట్టే చెప్పుకుందాం. ఇది సాలీడు అల్లిన బూజు కాదు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే తెల్లగా లేస్తుందే, ఆ జాతి. శిలీంధ్రం. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మీ ఇంట్లోనూ ఉంటాయి, కలెక్టరు బంగళాలోనూ ఉంటాయి. తడి దొరికితేనే మొలుస్తాయి. తడిసిన గోడని ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టగలిగితే బూజు పట్టడానికి సందుండదు. ఆరనివ్వకపోతే పడుతుంది. ఇంతే దాని కథ. అందుకని, బూజు ఎవరి వల్ల వచ్చిందని అడిగేవాళ్లు అసలు అడగాల్సింది తడి ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు ఆరలేదు అని.

చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లకి దగ్గు, ఆయాసం, శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు ఎక్కువని, ఆస్తమా ఉన్నోళ్లకి అది ముదురుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు వేసింది. ఇంత బూజైతే ఫరవాలేదని ఒక లెక్క గీయడం కుదరదని కూడా చెప్పింది. చెమ్మని అరికట్టడమే మార్గం అంది.

తడి మూడు దారుల్లో వస్తుంది. మొదటిది గోడ లోపలి నుంచి. పైపు కారడం, పైఫ్లాటు బాత్రూమ్ నేల కింద వాటర్‌ప్రూఫింగ్ చెడడం, బయటి గోడ పగులులోంచి వాన దిగడం. ఇది కట్టడం తప్పు. ఇంటి ఓనరుదో, పైఫ్లాటు ఓనరుదో, అపార్టుమెంటు అసోసియేషన్‌దో బాధ్యత. అద్దెకున్నోడికి సంబంధం లేదు.

రెండోది, ఆవిరి బయటికి పోయే దారి లేకపోవడం. బాత్రూమ్‌కి బయటిగాలి వైపో, గాలి డక్టులోకో తెరుచుకునే కిటికీ, వెంటిలేటర్ ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్తోంది. మన పట్నాల్లో జరుగుతున్నదేమిటి? ఒక పోర్షన్‌ని రెండు చేసి, మెట్ల కింద బాత్రూమ్ ఇరికించి, డక్టుని సామాన్ల గదిగా మార్చి అద్దెకిస్తున్నారు. వెంటిలేటర్ ఉన్నచోట పక్కింటి గోడ దానికి ఆనుకుని లేస్తోంది. అందులో రోజుకి ఐదుగురు స్నానం చేస్తే ఆవిరి ఎక్కడికి పోవాలి? ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాల్సింది కట్టినోడు. ఇదీ ఓనరు బాధ్యతే.

మూడోది మన వల్ల వచ్చేది. నిజం చెప్పుకోవాలి. కిటికీ ఉండీ దొంగల భయంతోనో, సిగ్గుతోనో ఎప్పుడూ మూసే ఉంచడం. తడి బట్టలు బాత్రూమ్‌లోనే ఆరేయడం. కుళాయి కారుతున్నా నెలల తరబడి చెప్పకుండా బకెట్ పెట్టుకుని గడపడం. నీళ్లు పోయే జాలీ పూడుకుపోతే తియ్యకపోవడం. ఇది మన బాధ్యత. దీన్ని కూడా ఓనరు నెత్తిన రుద్దితే న్యాయం కాదు, మన మాటకి విలువా ఉండదు.

ఏది ఏదో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. జానెడు పాలిథిన్ కవరు ముక్క తీసుకుని, బూజు పట్టిన చోటుకి పక్కన గోడకి నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించండి. ఒకటి రెండు రోజులుంచండి. తీసినప్పుడు గోడ వైపు తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. బయటి వైపు తడి ఉంటే గదిలో ఆవిరి ఆరడం లేదన్నట్టు. ఇంకో లెక్క ఉంది. సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చారనుకోండి. ఎవరూ చెంబెడు నీళ్లు పొయ్యని బాత్రూమ్‌లో గోడ ఇంకా తడిగానే ఉంటే, ఆ తడి మీది కాదు. ఈ రెండూ ఇంటాయన కళ్లెదుటే చేసి చూపించొచ్చు.

ఇక చట్టం సంగతి. మనకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. అందులో 108వ సెక్షన్ ఇద్దరి బాధ్యతలూ చెప్తుంది. ఇంట్లో పైకి కనిపించని లోపం ఉండి, అది ఓనరుకి తెలిసుంటే, అద్దెకొచ్చేవాడికి ముందే చెప్పాలి. అంటే బూజు మీద సున్నం కొట్టి అప్పజెప్పడం తెలివితేటలు కాదు, బాధ్యత తప్పడం. అద్దెకున్నోడు ఇంటిని తీసుకున్న స్థితిలో ఉంచి అప్పగించాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదల, తరుగుదల అతని లెక్కలోకి రావు. ఓనరు చెయ్యాల్సిన మరమ్మతు, చెప్పిన తర్వాత కూడా తగిన సమయంలో చెయ్యకపోతే, అద్దెకున్నోడు తానే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు.

వినడానికి బాగుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఓనరు చెయ్యాల్సిన మరమ్మతులు ఏమిటో ఆ చట్టం జాబితా ఇవ్వలేదు. అది అగ్రిమెంటులో రాసుకోవాలి. మన అగ్రిమెంటు ఎవరు రాస్తున్నారు? స్టాంపు పేపరు మీద పదకొండు నెలలకి అచ్చుకొట్టిన కాగితం. అన్ని మరమ్మతులూ అద్దెదారే చేసుకోవాలని అందులో ముందే ఉంటుంది. మనం చదవకుండా సంతకం పెడతాం. ఇల్లు దొరికిందే చాలనుకుంటాం. వేరే ఒప్పందం లేకపోతే నెలవారీ అద్దెని పదిహేను రోజుల నోటీసుతో ముగించే వీలు కూడా అదే చట్టంలో ఉంది. ఆ పదిహేను రోజుల భయమే మన నోరు కట్టేస్తోంది.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టం ఆమోదించింది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది నడుస్తుంది. కానీ అందులో న్యాయమైన జాబితా ఒకటుంది. కట్టడం మరమ్మతులు, గోడలకి సున్నం, పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఓనరువి. కుళాయి వాషర్లు, జాలీలు శుభ్రం చెయ్యడం, స్విచ్చులు, గీజరు బాగుచేయించడం అద్దెదారువి. బూజు అన్న పద్దు లేదు గానీ, బూజుకి మూలమైన పైపూ, గోడా ఓనరు వైపే ఉన్నాయి. ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని, ఓనరు చెయ్యని మరమ్మతు మనం చేయించుకుని అద్దెలో విరగ్గొట్టుకోవచ్చని, ఒక నెలలో సగం అద్దె మించి విరగ్గొట్టకూడదని అందులో ఉంది. ఈ జాబితాని మన అగ్రిమెంటులో రాయించుకోవడానికి ఏ ప్రభుత్వ జీవో కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే అదే ఒప్పందం.

ఇంగ్లండులో ఏమైందో కూడా చూద్దాం. బూజుకి అద్దెకున్నోళ్ల జీవనశైలే కారణమని కొట్టిపారెయ్యడం మానాలని అక్కడి హౌసింగ్ అంబుడ్స్‌మన్ 2021లోనే నివేదిక ఇచ్చింది. అవాబ్ తల్లిదండ్రులు కన్నీళ్లు దిగమింగుకుని పోరాడారు. జనం వాళ్ల వెంట నిలబడ్డారు. 2023లో చట్టం వచ్చింది, దానికి ఆ పిల్లాడి పేరే నిలిచింది. 2025 అక్టోబరు 27 నుంచి సామాజిక గృహాల్లో అమలవుతోంది. ప్రాణాపాయమైన లోపమైతే 24 గంటల్లో పట్టించుకోవాలి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే పది పనిదినాల్లో తనిఖీ చెయ్యాలి. ప్రమాదం ఉందని తేలితే ఐదు పనిదినాల్లో దాన్ని తొలగించాలి. ఆ గడువులో చెయ్యలేకపోతే కుటుంబానికి వేరే వసతి చూపాలి. గడువు రాసుంది కాబట్టి అడగడానికి జనానికి ఒక పట్టు దొరికింది. మన చట్టాల్లో 'తగిన సమయం' అని రాసుంది. ఎవరికి తగిన సమయం?

మనకి ఇంకో గోడ కూడా ఉంది. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన బాబాసాహెబ్ అంబేద్కర్ 1917లో బరోడా ఉద్యోగానికి పోతే తలదాచుకోవడానికి గది దొరకలేదు. పేరు మార్చుకుని పార్సీల సత్రంలో దిగితే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. నూరేళ్లు దాటింది. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్, మరికొందరు చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. దళితులకీ ముస్లింలకీ ఇల్లు లేదనడం, ఇచ్చినా కఠినమైన షరతులు పెట్టడం అందులో బయటపడింది. ఇల్లు మారే స్వేచ్ఛ ఉన్నోడు బూజు గురించి గట్టిగా అడుగుతాడు. ఆ స్వేచ్ఛ లేనోడు గోడ రుద్దుకుంటూ కూచుంటాడు. మన ఊపిరితిత్తుల్లోకి పోతున్నది ఈ తేడా.

ఆ గోడ రుద్దేది ఎవరో కూడా మర్చిపోకూడదు. ఉన్నోళ్ల ఇళ్లలో ఆ పని మన అక్కచెల్లెళ్లే చేస్తున్నారు. ఒక చేతిలో యాసిడ్ సీసా, ఇంకో చేతిలో బ్లీచింగ్ పొడి ఇచ్చి, తలుపు మూసిన బాత్రూమ్‌లోకి పంపుతున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ప్రాణం తీస్తుంది. ఈ మాట ప్రతి పేటలో, ప్రతి ఇంట్లో చెప్పండి. యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలపకూడదు. కిటికీ, తలుపు తెరిచి, ముక్కుకీ నోటికీ గుడ్డ, చేతులకి తొడుగులు పెట్టుకునే బూజు తుడవాలి. అయినా తడి ఆగకపోతే ఎంత తుడిచినా మళ్లీ వస్తుంది. దాని మీద రంగేస్తే రంగే ఊడుతుంది.

ఇప్పుడు మనలో మనం ఒక మాట. పదిమంది ఉద్యోగులం ఇళ్లు కట్టుకున్నాం. పైన రెండు పోర్షన్లు లేపి అద్దెకిస్తున్నాం. సంతోషమే. ఆ పోర్షన్‌లో దిగిన వలస కూలీ కుటుంబం బాత్రూమ్ కారుతోందని చెప్తే మనం ఏమంటున్నాం? "మీకు వాడుకోవడం చేతకాదు" అని మన నోట్లోంచి వస్తే, నన్ను "మీవాళ్లు" అన్న ఆ ఇంటాయనకీ మనకీ తేడా ఏముంది? మన ఇంటి గోడతోనే మార్పు మొదలెడదాం. అద్దెకిచ్చే ముందు పైపు చూపించండి. లోపముంటే చెప్పండి. బాత్రూమ్‌కి ఫ్యాను పెట్టించండి.

ఇక చెయ్యాల్సిన పని. ఇంట్లో దిగిన రోజే బాత్రూమ్ నాలుగు మూలలూ ఫోనులో ఫొటో తియ్యండి. అది ఓనరుకి పంపించి ఉంచుకోండి. బూజు కనపడిన రోజే కాగితం మీద రాసి ఇవ్వండి, తేదీ వెయ్యండి, నకలు దాచుకోండి. నోటి మాటకి సాక్ష్యం లేదు. పాలిథిన్ పరీక్ష చెయ్యండి. తప్పు మనదైతే సరిదిద్దుకోండి. గోడదైతే గడువు పెట్టి అడగండి. సొంతంగా చేయిస్తే ప్లంబరు దగ్గర రసీదు తీసుకోండి. అద్దె ఆపెయ్యొద్దు, అది మనల్నే ఇరికిస్తుంది. ఒక్కడే పోయి అడిగితే ఖాళీ చెయ్యమంటాడు. అందుకే అదే అపార్టుమెంటులో పై అంతస్తు, కింద అంతస్తు వాళ్లతో కలిసి పోండి. కారే పైపు అన్ని కులాల గోడల్నీ తడుపుతుంది కదా.

పేటలో అంబేద్కర్ సంఘం గదుల్లో ఆదివారం ఓ గంట కూచుని, చదువుకున్న పిల్లలు అగ్రిమెంటు కాగితాలు చదివి పెద్దలకి చెప్పాలి. సంతకం పెట్టేముందు చదవడం నేర్పడం కూడా ఉద్యమమే. రోచ్‌డేల్‌లో ఆ తండ్రికి రంగేసుకోమని చెప్పి పంపించారు. ఇక్కడ మనకీ అదే చెప్తున్నారు. రంగు మనమెయ్యం. ముందు పైపు చూడమని అడుగుదాం.